మరియా సిబిల్లా మేరియన్ వంశవృక్షం, జీవితం, పురుగుల పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

మేరియన్ గురించి చదివేవాళ్లు ఎక్కువగా తడబడేది చుట్టరికాల దగ్గర. ఈ కుటుంబంలో దాదాపు ప్రతి తరంలోనూ రెండో పెళ్లి ఉంది. సవతి తండ్రి, సవతి అన్నలు, సవతి అక్కచెల్లెళ్లు కలిసిపోయి, అచ్చయిన వంశవృక్షాల్లో కూడా తప్పు గీతలు పడ్డాయి. అందుకే ఇక్కడ చుట్టరికాలకు ఎక్కువ చోటిచ్చాం. ఆమె పనిని అర్థం చేసుకోవాలన్నా ముందు ఆ ఇల్లు ఎలాంటిదో తెలియాలి.

మరియా సిబిల్లా మేరియన్ ఎవరు?

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1647 ఏప్రిల్ 2న పుట్టి, ఆమ్‌స్టర్‌డామ్‌లో 1717 జనవరి 13న కన్నుమూసిన చిత్రకారిణి, కీటక పరిశోధకురాలు. గుడ్డు, గొంగళిపురుగు, గూడు, రెక్కల పురుగు అనే దశలన్నిటినీ, ఆ పురుగు తినే మొక్కతో సహా ఒకే బొమ్మలో చూపించడం ఆమె పద్ధతి. పురుగులను సొంతంగా పెంచి, కళ్లారా చూసి గీసింది. 52 ఏళ్ల వయసులో చిన్న కూతురిని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడెక్కింది. జర్మనీ 1992లో చెలామణిలోకి తెచ్చిన 500 మార్కుల నోటు మీద ఉన్నది ఆమె ముఖమే.

ఆమె ఏ ఇంటి పిల్ల?

తండ్రి మత్తేయుస్ మేరియన్. అదే పేరున్న కొడుకు కూడా ఉన్నాడు కాబట్టి పుస్తకాల్లో ఈయనను పెద్ద మత్తేయుస్ అంటారు. 1593లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టాడు. ఈయన తండ్రి వాల్టర్ అక్కడ రంపపు మిల్లు యజమాని, నగర సభ సభ్యుడు. మత్తేయుస్ రాగి రేకుల మీద బొమ్మలు చెక్కే పని నేర్చి ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెద్ద అచ్చు సంస్థ నడిపాడు. జర్మనీ ఊళ్ల దృశ్యాలతో ఆయన మొదలుపెట్టిన సంపుటాలను ఆ నగరాలు యుద్ధాలకు ముందు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి చరిత్రకారులు ఇప్పటికీ తిరగేస్తారు.

తల్లి యోహన్నా సిబిల్లా హైమ్, మత్తేయుస్‌కు రెండో భార్య. మొదటి భార్య 1645లో చనిపోయింది, 1646లో ఈ పెళ్లి జరిగింది, మరుసటి ఏడే మరియా పుట్టింది. అప్పటికి తండ్రికి 53 ఏళ్లు. ఆమెకు మూడేళ్లప్పుడు, 1650లో ఆయన పోయాడు.

థియోడోర్ డి బ్రీ ఆమెకు ముత్తాత అంటారు. నిజమేనా?

కాదు. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

అమెరికా ఖండపు యాత్రల బొమ్మలతో యూరప్‌లో పేరు పడ్డ థియోడోర్ డి బ్రీ కొడుకు యోహాన్ థియోడోర్ డి బ్రీ. ఈయన కూతురు మరియా మగ్దలీనాను పెద్ద మత్తేయుస్ 1617లో పెళ్లాడాడు. 1623లో మామగారు పోయాక అచ్చు వ్యాపారం మత్తేయుస్ చేతికి వచ్చింది. డి బ్రీ రక్తం ఉన్నది మగ్దలీనా పిల్లలకే: చిన్న మత్తేయుస్ (1621–1687), కాస్పర్ (1627–1686), వాళ్ల తోబుట్టువులు. మరియా సిబిల్లాది వేరే తల్లి. డి బ్రీలు ఆమెకు నాన్న మొదటి భార్య పుట్టింటివాళ్లు, అంతే.

వ్యాపారం మామ నుంచి అల్లుడికి, అక్కడి నుంచి కొడుకులకు వచ్చింది కాబట్టి, రాసేవాళ్లు వృత్తి వారసత్వాన్ని రక్త వారసత్వంగా చూపిస్తున్నారు. వృత్తి వారసత్వం మాత్రం నిజమే. సముద్రాల అవతలి దేశాల బొమ్మల పుస్తకాలు అచ్చువేసే సంస్థ పేరు మోసిన ఇంట్లో ఆమె పుట్టింది.

మరి బొమ్మలు వేయడం ఎవరి దగ్గర నేర్చుకుంది?

సవతి తండ్రి దగ్గర. 1651లో తల్లి యాకోబ్ మారెల్ అనే చిత్రకారుడిని మళ్లీ పెళ్లాడింది. ఆయన పూలు, పళ్లు, పాత్రల బొమ్మల్లో దిట్ట; తులిప్ పూల బొమ్మలకు ప్రత్యేకంగా పేరు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో కూడా దుకాణం ఉండటంతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లేనప్పుడు శిష్యుడు అబ్రహాం మిన్యోన్ నేర్పేవాడు. పూరేకు మీద నీటిబొట్టు, ఆకు అంచున పాకే పురుగు ఆ చిత్రాల్లో మామూలు. అయితే అక్కడ పురుగు అలంకారం మాత్రమే. ఏ పూవు మీద ఏ పురుగైనా వాలుతుంది. మేరియన్ తన బొమ్మల్లో వదిలిపెట్టింది సరిగ్గా ఈ అలవాటునే.

జర్మన్ నగరాల్లో వృత్తి సంఘాల కట్టుబాట్ల వల్ల ఆడవాళ్లు తైలవర్ణ చిత్రాలు వేసి అమ్ముకోవడం కష్టం. ఆమె నీటి రంగులు వాడింది. ఎక్కువగా దూడ చర్మంతో చేసిన నునుపైన పార్చ్‌మెంట్ మీద గీసేది. రంగు దాని లోపలికి ఇంకదు కాబట్టి వెంట్రుకవాసి గీత కూడా చెదరకుండా నిలుస్తుంది. గొంగళిపురుగు నూగు గీయడానికి ఇది ఎంతో అవసరం.

ఆమె భర్త ఎవరు? ఎందుకు విడిపోయారు?

మారెల్ శిష్యుడే, న్యూరెంబర్గ్‌కు చెందిన యోహాన్ ఆండ్రియాస్ గ్రాఫ్. 1665 మే 16న పెళ్లి. ఆమెకు 18 ఏళ్లు, అతనికి ఆమెకన్నా పదేళ్లకు పైగా ఎక్కువ. కట్టడాల, వీధుల బొమ్మలు చక్కగా వేసేవాడు. పెద్ద కూతురు యోహన్నా హెలెనా 1668లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. తర్వాత కాపురం న్యూరెంబర్గ్‌కు మారింది. అక్కడ 1678లో డొరోతియా మరియా పుట్టింది.

న్యూరెంబర్గ్‌లో ఉన్నత కుటుంబాల ఆడపిల్లలకు బొమ్మలు, కుట్టుపని నేర్పేది, రంగులు అమ్మేది. 1675, 1677, 1680లలో మూడు భాగాలుగా వచ్చిన ఆమె పూల పుస్తకం కుట్టుపనికి నమూనాగా కూడా ఉపయోగపడింది.

1681లో మారెల్ చనిపోయాక తల్లికి తోడుగా ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చింది. 1685–86 ప్రాంతంలో తల్లిని, ఇద్దరు కూతుళ్లను తీసుకుని నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో, వ్యూవెర్ట్‌లో ఉన్న లబాడిస్టుల సమాజంలో చేరింది. సొంత ఆస్తి ఉండకూడదనే కఠిన నియమాల క్రైస్తవ సమాజం అది. సవతి అన్న కాస్పర్ అప్పటికే అక్కడ ఉన్నాడు. గ్రాఫ్ వెతుక్కుంటూ వెళ్లాడు గాని ఆమె తిరిగి రాలేదు. 1692లో న్యూరెంబర్గ్ నగర సభ అతనికి విడాకులు ఇచ్చింది, అతను మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. లోపలి కారణం ఇదీ అని కచ్చితంగా చెప్పే కథనాలను నమ్మకండి. మనకు మిగిలింది ఫలితమే.

వంశవృక్షం సరిగ్గా గీయాలంటే ఎలా మొదలుపెట్టాలి?

మామూలుగా తండ్రి కింద పిల్లలందరినీ వరుసగా రాస్తాం. ఇక్కడ అలా చేస్తే మొదటి తరంలోనే తప్పు వస్తుంది. పెద్ద కాగితం అడ్డంగా పెట్టుకుని ఇలా చేయండి.

ముందు మనుషులను వదిలి పెళ్లిళ్లకు అంకెలు వేయండి. మత్తేయుస్–మగ్దలీనా 1, మత్తేయుస్–యోహన్నా సిబిల్లా 2, యోహన్నా సిబిల్లా–మారెల్ 3, మరియా–గ్రాఫ్ 4, హెలెనా–హెరోల్ట్ 5, డొరోతియా–హెండ్రిక్స్ 6, డొరోతియా–గ్సెల్ 7. గ్సెల్ మొదటి పెళ్లి 8, గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ పెళ్లిళ్లు 9, 10. కూతుళ్ల భర్తల గురించి, ఈ ఇంటితో ఆయిలర్ చుట్టరికం గురించి కింద వివరంగా చెప్పాం. ఇప్పుడు ప్రతి బిడ్డనూ తండ్రి పేరు కింద కాకుండా పెళ్లి అంకె కింద రాయండి. మరియా 2 కింద, కాస్పర్ 1 కింద పడతారు. డి బ్రీ చిక్కు అక్కడికక్కడే విడిపోతుంది.

రక్తసంబంధానికి నిండు గీత, సవతి సంబంధానికి చుక్కల గీత, గురుశిష్య సంబంధానికి వేరే రంగు వాడండి. మారెల్ నుంచి మరియాకు చుక్కల గీతతో పాటు రంగు గీత కూడా వస్తుంది. గ్రాఫ్ నుంచి మారెల్‌కూ రంగు గీతే. ఈ కుటుంబంలో రక్తం కన్నా పని ఎక్కువగా చేతులు మారిందని కాగితం మీద తెలిసిపోతుంది.

పాత పత్రాల్లో ఏ పేరుతో వెతకాలి?

ఒక్క మేరియన్ అనే పేరుతో వెతికితే సగం పని దొరకదు. న్యూరెంబర్గ్ కాలపు పుస్తకాల మీద ఆమె పేరు మరియా సిబిల్లా గ్రాఫిన్ అని ఉంటుంది. భర్త ఇంటిపేరు చివర స్త్రీలింగ ప్రత్యయం చేర్చడం అప్పటి జర్మన్ అలవాటు. గ్రెఫిన్ అనే రూపం కూడా ఉంది. పక్కనే, కీర్తిశేషులు పెద్ద మత్తేయుస్ మేరియన్ కుమార్తె అన్న మాట అచ్చువేయించేది. ఆ పేరుకు బజారులో విలువ ఉంది. లబాడిస్టుల సమాజంలో చేరాక పుట్టింటి పేరుకే వచ్చేసింది. 1705 నాటి సురినామ్ పుస్తకం మీద ఉన్నది మేరియన్ పేరే.

తల్లి ఇంటిపేరు హైమ్, హైనె అని రెండు రకాలుగా దొరుకుతుంది. పెద్ద కూతురికి గ్రాఫ్, హెరోల్ట్ రెండూ చూడాలి. చిన్న కూతురికి గ్రాఫ్, హెండ్రిక్స్, హెన్రిసియే, గ్సెల్ నాలుగూ చూడాలి.

ఒకే సంఘటనకు రెండు తేదీలు ఎందుకు కనిపిస్తాయి?

క్యాలెండర్ తేడా. హాలండ్ రాష్ట్రం 1583లోనే కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారింది. జర్మనీలోని ప్రొటెస్టెంట్ ప్రాంతాలు 1700లో మారాయి. ఆ ఏడు అక్కడ ఫిబ్రవరి 18 తర్వాత నేరుగా మార్చి 1 వచ్చింది. రష్యాలో పాత జూలియన్ లెక్క 1918 దాకా నడిచింది.

ఈ కుటుంబం మూడు చోట్లా బతికింది. 17వ శతాబ్దపు పాత తేదీకి 10 రోజులు, 18వ శతాబ్దపు పాత తేదీకి 11 రోజులు కలపాలి. ఆయిలర్ మొదటి పెళ్లి 1733 డిసెంబర్ 27 అని ఒకచోట, 1734 జనవరి 7 అని మరోచోట ఉంటుంది. రెండూ ఒకే రోజు, ఏడాది కూడా మారిపోయింది. మీ పట్టికలో పత్రంలో ఉన్న తేదీని ఉన్నట్టే రాసి, పక్కన పాతదో కొత్తదో గుర్తు పెట్టండి. మార్చిన తేదీని మాత్రమే రాస్తే తర్వాత చూసేవాళ్లు మరోసారి 11 రోజులు కలుపుతారు.

కీటక శాస్త్రంలో ఆమె చేసిన కొత్త పని ఏమిటి?

1660లో, 13 ఏళ్ల వయసులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పట్టుపురుగులతో మొదలుపెట్టింది. పురుగులు బురద నుంచి, కుళ్లిన మాంసం నుంచి వాటంతట అవే పుడతాయని చదువుకున్నవాళ్లు కూడా నమ్మే కాలం. మాంసంలో పురుగులు ఈగ గుడ్ల నుంచే వస్తాయని ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడీ ప్రయోగం చేసి చూపింది 1668లో. అప్పటికే ఎనిమిదేళ్లుగా ఈమె గుడ్ల నుంచి పురుగులను పెంచుతోంది.

గొంగళిపురుగుల మార్పుల మీద ఆమె పుస్తకం మొదటి భాగం 1679లో, రెండోది 1683లో వచ్చాయి, ఒక్కోదానిలో 50 బొమ్మలు. మొదటి బొమ్మ మల్బరీ కొమ్మ మీద పట్టుపురుగు. ఆమెకు ముందు డచ్చివాడు యాన్ హుడార్ట్ కూడా పురుగులను పెంచి గీశాడు గాని గుడ్లను, ఆహారపు మొక్కను బొమ్మలో కలపలేదు. మేరియన్ పేజీలో మొక్కే ఇల్లు. ఏ పురుగు ఏ ఆకు తింటుంది, ఏ నెలలో గూడు కడుతుంది, ఎన్ని రోజులకు బయటికొస్తుంది అన్నవి పక్క పేజీలో ఉంటాయి. నేటి జీవావరణ శాస్త్రం అడిగే మొదటి ప్రశ్నలు ఇవే. ఆమెను చిత్రకారిణి అని మాత్రమే పిలవడం అన్యాయం అని మేము గట్టిగా అనడానికి కారణం ఇదే.

ఒక్కోసారి గూట్లోంచి సీతాకోకచిలుక బదులు ఈగలు వచ్చాయని రాసింది. అదెలా?

పరాన్నజీవులు. కొన్ని ఈగలు, సన్న నడుము కందిరీగలు గొంగళిపురుగు ఒంటి మీదో లోపలో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు లోపలినుంచి తినేసి, చివరికి గూడు తొలుచుకుని బయటపడతాయి. అప్పటికి ఈ సంగతి ఎవరికీ సరిగా తెలియదు. ఒకే రకం పురుగు నుంచి ఒకసారి సీతాకోకచిలుక, ఇంకోసారి ఈగలు వస్తే, పురుగులు ఇష్టమొచ్చినట్టు పుడతాయన్న పాత నమ్మకానికి అది సాక్ష్యంగా కూడా కనిపించవచ్చు. ఆమె అనుకున్న ఫలితం రానప్పుడు కూడా దాన్ని కొట్టేయలేదు. వచ్చినదాన్ని వచ్చినట్టు గీసి, రాసిపెట్టింది.

ఆమె పద్ధతిలో ఇంట్లో ఒక పురుగును పెంచి చూడొచ్చా?

చూడొచ్చు. మన ఇళ్లలో అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది నిమ్మ, కరివేప మొక్కల మీద పెరిగే నిమ్మ సీతాకోకచిలుక. లేత ఆకు మీద ఆవగింజకన్నా చిన్నగా, లేత పసుపు రంగులో, ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పొదుగుతుంది. మొదట్లో పురుగు గోధుమ, తెలుపు మచ్చలతో పిట్టరెట్టలా ఉంటుంది. చివరి దశలో పచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనకనుంచి ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. పురుగు దశ సుమారు రెండు వారాలు, గూడు దశ ఎండాకాలంలో వారం పది రోజులు.

లీటరుకు తగ్గని వెడల్పు మూతి సీసా తీసుకుని, మూత బదులు పల్చటి గుడ్డ రబ్బరుతో బిగించండి. అడుగున కాగితం పరచండి. ఆకుతో పాటు కొమ్మను కోసి చిన్న నీళ్ల బుడ్డిలో పెట్టి, బుడ్డి మూతి దూదితో పూర్తిగా మూసేయండి. మూయకపోతే పురుగు కాండం వెంట దిగి నీళ్లలో పడి చస్తుంది. బజారులో కొన్న కరివేపాకు వేయొద్దు. కడిగినా మందు అవశేషం పోదు, ఒక్క పూటలో పురుగు వాలిపోతుంది. పెంటికలు రోజూ తీసేయాలి. సీసా లోపల చెమ్మ పట్టిందంటే గాలి చాలడం లేదని అర్థం. అలాంటప్పుడు పురుగు నల్లబడి మెత్తగా కారిపోయే రోగం వస్తుంది.

తినడం మానేసి, పలచగా విరేచనం చేసి, సీసా అంతా తిరిగిందంటే గూడుకు సిద్ధమైందన్నమాట. ఒక గరుకు పుల్ల ఏటవాలుగా ఆనించండి. నడుముకు సన్నటి పట్టుదారం చుట్టుకుని దానికి అంటుకుంటుంది. ఆ తర్వాత కదపకండి. బయటికొచ్చినప్పుడు రెక్కలు వేలాడదీసుకోవడానికి కనీసం నాలుగు అంగుళాల ఖాళీ ఉండాలి. లేకపోతే రెక్కలు ముడతపడే ఆరిపోతాయి, ఇక విచ్చుకోవు. గూడుకు చిన్న గుండ్రటి కన్నం కనిపిస్తే కందిరీగల పని. పారేయకుండా తేదీ వేసి రాయండి. బొమ్మ గీసేటప్పుడు ఆకు మీద పురుగు కొరికిన చోట్లు కూడా గీయండి. మేరియన్ ఆకుల్లో అవి ఉంటాయి.

చనిపోయిన నమూనాలను ఎలా భద్రపరిచింది?

న్యూరెంబర్గ్ వైద్యుడు ఫోల్కామర్‌కు రాసిన ఉత్తరంలో తనే చెప్పింది. గొంగళిపురుగుల లాంటి మెత్తటివాటిని బ్రాందీలో వేసేది. సీతాకోకచిలుకలకు మాత్రం సూది మొనను మంటలో ఎర్రగా కాల్చి ఒంట్లో గుచ్చితే రెక్కలు కొట్టుకోకుండా వెంటనే చనిపోతాయి, రంగు పొడి రాలదు. పెట్టె లోపల లావెండర్ నూనె పూసేది, పురుగు పట్టకుండా.

సురినామ్‌కు ఎందుకు వెళ్లింది? డబ్బు ఎక్కడిది?

1691లో ఆమ్‌స్టర్‌డామ్‌కు మారాక నగర మేయర్ నికోలాస్ విట్సెన్, వైద్యుడు ఫ్రెడరిక్ రాయిష్ వంటివారి సేకరణల్లో వెస్టిండీస్ పురుగులను చూసింది. పెట్టెల నిండా అందమైన రెక్కలు ఉన్నాయి. అవి ఏ పురుగు నుంచి వచ్చాయో, ఏం తిన్నాయో చెప్పేవాళ్లు లేరు. ఆ లోటు ఆమెను కదిలించింది. సురినామ్ ఆమెకు పూర్తిగా తెలియని పేరు కాదు: వ్యూవెర్ట్‌లో సమాజం ఉన్న భవంతి సురినామ్ గవర్నర్ సోమెల్స్‌డైక్ కుటుంబానిది; పెద్దల్లుడు హెరోల్ట్ సురినామ్ వర్తకంలో ఉన్నవాడు.

వీలునామా రాసి, తన 255 చిత్రాలను అమ్మకానికి పెట్టి 1699 వేసవిలో డొరోతియాతో బయలుదేరింది. సుమారు రెండు నెలల ప్రయాణం. సురినామ్ ముఖ్య పట్టణం పారామారిబోలో ఉంటూ, 1700లో నది ఎగువన ఉన్న ప్రొవిడెన్షియా తోటకు కూడా వెళ్లింది. అది లబాడిస్టులు పెట్టుకున్న తోట. చెరకు తప్ప వేరేదాని మీద ధ్యాస ఉన్నందుకు అక్కడి దొరలు తనను ఎగతాళి చేశారని రాసింది. ఒళ్లు పాడై, బహుశా మలేరియాతో, అనుకున్నకన్నా ముందే 1701 జూన్‌లో తిరుగు ఓడ ఎక్కింది. సెప్టెంబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్ చేరింది.

అక్కడ ఆమెకు సాయం చేసిందెవరు?

బానిసలైన ఆఫ్రికన్లు, స్థానిక ఆదివాసులు. అడవిలో దారి కొట్టింది, చెట్లెక్కి పురుగులు దింపింది, మొక్కల వాడకం చెప్పింది వాళ్లే. వాళ్ల పేర్లు పుస్తకంలో లేవు. తిరుగు ప్రయాణంలో ఒక ఆదివాసి స్త్రీని వెంట తెచ్చుకుంది, ఆమె పేరు కూడా రాయలేదు. మేరియన్ పనిని ఎంత గౌరవించినా ఈ సంగతి దాచి చెప్పకూడదు.

45వ బొమ్మ చూడండి. మన పెరళ్లలో రత్నగంధి అని పెంచుకునే మొక్కే అది, ఎరుపు పసుపు పూలతో. తమ పిల్లలు బానిసలుగా పుట్టకూడదని బానిస స్త్రీలు ఈ గింజలతో గర్భం పోగొట్టుకునేవారని, ఆ సంగతి వాళ్లే తనకు చెప్పారని మేరియన్ రాసింది. పురుగుల పుస్తకంలో ఆ నాలుగు వాక్యాలు బానిసత్వ చరిత్ర రాసేవాళ్లకు ముఖ్యమైన సాక్ష్యం.

1705 పుస్తకం వివరాలేమిటి?

సురినామ్ కీటకాల రూపాంతరం మీద పుస్తకం, 60 బొమ్మలు, లాటిన్‌లోనూ డచ్‌లోనూ. మొక్కల శాస్త్రీయ వివరాలు చేర్చింది వృక్షశాస్త్రవేత్త కాస్పర్ కొమ్మెలిన్. మూడు రేకులు తనే చెక్కింది, మిగిలినవి చెక్కేవాళ్లకు కూలి ఇచ్చి చేయించింది. ముందుగా చందా కట్టినవాళ్లకు రంగులేని ప్రతి 15 గిల్డర్లు (అప్పటి డచ్ నాణెం), తర్వాత 18. చేత్తో రంగులు వేసినది 45. మొదటి బొమ్మ పూతకొచ్చిన అనాస, దాని మీద బొద్దింకలు. ఆమె పోయాక 1719లో వచ్చిన ప్రతిలో మరో 12 బొమ్మలు చేరి 72 అయ్యాయి. వాటిని ఆమె 1705 నాటి పనితో కలిపి చూడకండి.

ఆమె చేసిన తప్పులు ఉన్నాయా?

ఉన్నాయి. దీపపు పురుగు అనే పెద్ద ముక్కు పురుగు తల వెలుగుతుందని, ఆ వెలుతురులో వార్తాపత్రిక చదవొచ్చని రాసింది. అది వెలగదు. 18వ బొమ్మలో ఆకులు కోసే చీమల, దండుగా కదిలే చీమల అలవాట్లను ఒకే చీమకు అంటగట్టింది. అదే బొమ్మలో పిట్టను తినే సాలీడును గీస్తే అబద్ధమని చాలాకాలం కొట్టిపారేశారు. ఆమెజాన్‌లో అలాంటి సాలీడు పిట్టలను పట్టడం తాను చూశానని ఇంగ్లిష్ ప్రకృతి పరిశోధకుడు హెన్రీ బేట్స్ 1863లో రాశాక నోళ్లు మూతపడ్డాయి. జీవజాతులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ ఆ సాలీడుకు పిట్టల పేరే పెట్టాడు. ఎన్నో జాతులకు పేర్లు పెట్టేటప్పుడు ఆమె బొమ్మలనే ఆధారంగా చూపాడు.

కూతుళ్లు ఏమయ్యారు?

ఇద్దరూ తల్లి పని నేర్చుకున్నారు, ఆమె పేరుతో వచ్చిన బొమ్మల్లో కొన్ని వాళ్లవే అయి ఉండొచ్చు. యోహన్నా హెలెనా 1692లో యాకోబ్ హెండ్రిక్ హెరోల్ట్‌ను పెళ్లాడి, 1711లో కాపురం సురినామ్‌కే మార్చింది. డొరోతియా తిరిగొచ్చిన ఏడే, 1701లో వైద్యుడు ఫిలిప్ హెండ్రిక్స్‌ను పెళ్లాడింది. అతను పోయాక స్విస్ చిత్రకారుడు గేయోర్గ్ గ్సెల్‌ను చేసుకుంది. తల్లి గొంగళిపురుగుల పుస్తకం మూడో భాగాన్ని 1717లో అచ్చువేయించింది. అప్పుడు హాలండ్‌లో ఉన్న రష్యా చక్రవర్తి పీటర్ కోసం ఆయన వైద్యుడు ఆరెస్కిన్ మేరియన్ చిత్రాలు కొన్నాడు. గ్సెల్ దంపతులూ సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లారు. డొరోతియా అక్కడి విజ్ఞాన అకాడమీలో బొమ్మలు నేర్పుతూ 1743లో చనిపోయింది.

గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ పిల్లలు మేరియన్ వారసులేనా?

కాదు. గ్సెల్‌కు మొదటి భార్య వల్ల కలిగిన కూతురు కాటరీనా. లియోన్‌హార్డ్ ఆయిలర్ మొదట పెళ్లాడింది ఆమెను. 13 మంది పిల్లలు పుట్టింది ఆమెకే, అందులో అయిదుగురే పెరిగి పెద్దయ్యారు. కాటరీనాకు డొరోతియా సవతి తల్లి. కాబట్టి ఆ పిల్లల్లో మేరియన్ రక్తం లేదు.

కాటరీనా 1773లో చనిపోయింది. 1776లో ఆయిలర్ ఆమె సవతి చెల్లెలు సలోమే అబిగైల్‌ను చేసుకున్నాడు. ఈమె డొరోతియా కడుపున పుట్టినది, మేరియన్‌కు సొంత మనవరాలు. వీళ్లకు పిల్లలు లేరు. అంటే ఆయిలర్ మేరియన్‌కు మనవరాలి భర్త అయిన మాట నిజం, ఆయిలర్ సంతతి మేరియన్ సంతతి అన్నది అబద్ధం. పైన చెప్పిన 9, 10 అంకెలు వేరువేరుగా వేయమన్నది ఇందుకే. ఇంటిపేరు మేరియన్ అయినంత మాత్రాన బాసెల్ మేరియన్లందరూ ఆమె వారసులు కారన్నది కూడా గుర్తుంచుకోండి. ఆమె సంతతి కూతుళ్ల ద్వారానే సాగింది, ఆ ఇంటిపేరు వాళ్లకు రాలేదు.

అసలు చిత్రాలు ఎక్కడున్నాయి? అచ్చు ప్రతిని ఎలా గుర్తుపట్టాలి?

పరిశీలనల పుస్తకం, అంటే నీలం కాగితపు చట్రాల్లో అమర్చిన చిన్న చిన్న పార్చ్‌మెంట్ బొమ్మలు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని విజ్ఞాన అకాడమీ గ్రంథాలయంలో ఉంది. సురినామ్ చిత్రాల పెద్ద సెట్లు ఇంగ్లండ్ రాజకుటుంబ సేకరణలోనూ, సేకరణకర్త హాన్స్ స్లోన్ ద్వారా వచ్చినవి బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి.

అచ్చు ప్రతుల్లో రెండు రకాలున్నాయి. రాగి రేకు నుంచి నేరుగా తీసినదానికి గీత నల్లగా, తెగినట్టు ఉంటుంది. కాగితం అంచుకు కాస్త లోపల రేకు ఒత్తిన నలుచదరపు గాడి వేలికి తగులుతుంది. బొమ్మ అసలు చిత్రానికి కుడి ఎడమలు తారుమారుగా ఉంటుంది. రెండో రకంలో, తడి ఆరని అచ్చు మీద మరో తడి కాగితం పెట్టి ఒత్తుతారు. గీత లేతగా, పెన్సిల్‌తో గీసినట్టు వస్తుంది, బొమ్మ మళ్లీ అసలు దిశకు తిరుగుతుంది, రేకు గాడి ఉండదు. రంగు వేశాక దాదాపు చేతి చిత్రంలాగే కనిపిస్తుంది కాబట్టి దాన్ని అసలు చిత్రమని పొరబడటం సులభం. ఏటవాలుగా వెలుతురు పెట్టి భూతద్దంతో చూడండి. పురుగు నూగు కింద లేత నల్లటి సమాన దూరపు గీతలు కనిపిస్తే అది అచ్చు ప్రతి.